బోరు నీళ్లా, క్యాన్ నీళ్లా? ప్యాకెట్ ఉప్పా, సైంధవ లవణమా? ఫ్లోరైడ్ ఊళ్లలో థైరాయిడ్ ఉన్న ఇంటికి ఏది మంచిది

నెల్లూరు, ప్రకాశం వైపు కనిగిరిలోనో ఉదయగిరిలోనో ఒకింట్లో థైరాయిడ్ రిపోర్టు వచ్చిందంటే సాయంత్రానికల్లా సలహాలు మొదలవుతాయి. "ప్యాకెట్ ఉప్పు మానెయ్ అమ్మాయ్, దాంట్లో అయోడిన్ అని ఏదో కెమికల్ కలుపుతారంట" అని పక్కింటి అత్త. "పింక్ సాల్ట్ వాడండి" అని ఫోన్లో వీడియో. "అసలు మన నీళ్లే విషం, ఆర్వో పెట్టించు బావా" అని బావమరిది. ఉప్పు మార్చడం తేలిక. డబ్బాలో ఉన్నది తీసేసి ఇంకోటి పోస్తే సరిపోతుంది. నీళ్లు మార్చాలంటే ఖర్చు, మోత, రోజూ ఒక పని. అందుకే చాలా ఇళ్లలో ఉప్పు మారుతుంది, నీళ్లు మాత్రం బోరువే ఉంటాయి. నన్నడిగితే, మన వైపు చేయగలిగిన వాటిలో అన్నిటికంటే చెడ్డ ఎంపిక ఇదే.

ముందు తెలియాల్సినవి

మొదటిది మీ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతో చెప్పే అంకె. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా 1.5. ఆ పైన ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లకు గార పడుతుంది, ఇంకా ఎక్కువైతే నడుము, మెడ బిగుసుకుపోతాయి. దీన్నే ఫ్లోరోసిస్ అంటారు. ఈ సంగతి మనకు కొత్త కాదు. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్ గురించి తొలినాటి వైద్య నివేదిక 1937లో వచ్చింది, అది నెల్లూరు జిల్లా మీదే. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పుడు నెల్లూరులోనే ఉండేవి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. 2008-09లో కేంద్రం జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు తొలి విడత ఐదు జిల్లాల్లో నెల్లూరు ఒకటి. కారణం నేలలోనే ఉంది. గ్రానైటు, నీసు, అభ్రకం లాంటి రాళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది. బోరు ఎంత లోతుకు దిగితే నీళ్లు ఆ రాళ్లతో అంత ఎక్కువ కాలం కలిసి ఉన్నవై ఉంటాయి.

రెండోది అయోడిన్. థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారు చేయాలంటే అయోడిన్ కావాలి. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు 250 కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మెట్ట ప్రాంతపు నేలలో, పంటలో అది అంతగా దొరకదు కాబట్టే ఉప్పులో కలుపుతున్నారు.

ఈ రెంటినీ విడివిడిగా చూస్తే అసలు విషయం కనిపించదు. ఫ్లోరైడ్ ఎక్కువైతే థైరాయిడ్ నెమ్మదిస్తుందనే మాట పాతదే. 1950ల్లో యూరప్‌లో థైరాయిడ్ మరీ జోరుగా పనిచేసే రోగులకు ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూశారు. 2006లో అమెరికా జాతీయ పరిశోధన మండలి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ తిరగేసింది. అయోడిన్ సరిపడా తినేవాళ్లలో, శరీర బరువు కిలోకు రోజుకు 0.05 నుంచి 0.13 మి.గ్రా. ఫ్లోరైడ్ దగ్గర థైరాయిడ్‌లో మార్పులు కనిపించాయి. అయోడిన్ చాలని వాళ్లలో 0.01 నుంచి 0.03 దగ్గరే కనిపించాయి. 60 కిలోల మనిషికి ఈ లెక్క కడితే మొదటిది రోజుకు 3 నుంచి 7.8 మి.గ్రా., రెండోది 0.6 నుంచి 1.8 మి.గ్రా. అంటే అయోడిన్ తగ్గితే, ప్రమాణం లోపలున్న మంచి నీళ్లు తాగినా ఆ హద్దులోకి వెళ్లిపోవచ్చు. 2018లో కెనడా అధ్యయనంలోనూ ఇదే తేలింది. ఒంట్లో అయోడిన్ తక్కువున్న పెద్దవాళ్లలోనే, మూత్రంలో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ, థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోను టీఎస్‌హెచ్ కూడా ఎక్కువగా ఉంది.

ఇక్కడొక జాగ్రత్త. ఇవి మనుషుల మీద పరిశీలించి తేల్చిన సంబంధాలు. ఆ హద్దు దాటిన ప్రతివాళ్లకూ థైరాయిడ్ వస్తుందని కాదు, థైరాయిడ్ వచ్చిన ప్రతివాళ్లకూ నీళ్లే కారణమనీ కాదు. అయోడిన్ ఉప్పు అందుతున్న చోట, గ్రంథి మందగించే హైపోథైరాయిడ్‌కు ఎక్కువగా కారణమయ్యేది హషిమోటో, అంటే ఒంటి రోగనిరోధక శక్తే గ్రంథి మీద దాడి చేయడం. నీళ్లు మారిస్తే థైరాయిడ్ పోతుందని చెప్పి మిషన్ అమ్మేవాళ్లను నమ్మొద్దు.

మూడోది చాలామంది లెక్కలోకే తీసుకోనిది. తాగే నీళ్లు వేరు, వండే నీళ్లు వేరు అనుకోవడం. దీని గురించి కింద విడిగా చెప్తాను.

నీళ్లు: ఏ దారిలో ఏముంది

| నీళ్లు | ఫ్లోరైడ్ తగ్గుతుందా | ఖర్చు, శ్రమ | ఎక్కడ చిక్కు |
|---|---|---|---|
| బోరు నేరుగా | తగ్గదు | దాదాపు ఏమీ లేదు | పక్కపక్క బోర్లలోనే అంకె వేరుగా ఉండొచ్చు |
| కాచిన నీళ్లు, క్యాండిల్ ఫిల్టరు, యూవీ మిషను | తగ్గదు | తక్కువ నుంచి ఒక మోస్తరు | క్రిములు పోతాయి కాబట్టి అన్నీ పోయాయనే భ్రమ |
| ఇంటి ఆర్వో | మెంబ్రేన్ (లోపల వడకట్టే పొర) బాగుంటే నూటికి 85 నుంచి 95 వంతులు | మిషను, ఏటా సర్వీసు | వృథా నీళ్లు, పాత మెంబ్రేన్ |
| ప్లాంటు క్యాన్ | ప్లాంటును బట్టి | రోజువారీ ఖర్చు, మోత | నమ్మకమే తప్ప రిపోర్టు ఉండదు |
| కృష్ణ, పెన్నా నీళ్ల కుళాయి | మొదటే తక్కువ | దాదాపు ఉచితం | ఎండాకాలం సరఫరా |
| వాన నీళ్లు | దాదాపు సున్నా | సంపు కట్టడానికి ఒకసారి ఖర్చు | శుభ్రత, నిల్వ |
| అల్యూమినా ఫిల్టరు | బాగా తగ్గుతుంది | లోపలి అల్యూమినాను మళ్లీ మళ్లీ శుద్ధి చేయాలి | చేసే మనిషి కావాలి |

నీళ్లు కాచి తాగుతున్నాం కదా అనేవాళ్లకు ఒక మాట. కాగితే ఆవిరి పోతుంది, ఫ్లోరైడ్ పోదు. మిగిలిన నీళ్లలో అది కొంచెం చిక్కబడుతుంది కూడా. పటిక వేసి తేటపరచడం కూడా బురదకే. ఫ్లోరైడ్ కోసం పటిక, సున్నం లెక్కగా కలిపే నల్లగొండ పద్ధతి ఒకటుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ దాన్ని తయారు చేసింది. ఊరి ట్యాంకు స్థాయిలో శ్రద్ధగా చేసేవాళ్లుంటే పనికొస్తుంది. ఇంట్లో రోజూ మోతాదు కొలిచి, మడ్డి వంపి, మిగిలిన అల్యూమినియం సంగతి చూసుకుంటూ చేయడం అయ్యే పని కాదు.

ఆర్వో గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డబ్బు పెట్టి కూడా మోసపోయేది ఇక్కడే. మిషను పెట్టేవాళ్లు టీడీఎస్ మీటరు ముంచి "చూడండి సార్, 40కి వచ్చింది" అంటారు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి. ఫ్లోరైడ్ ఎంతో ఆ మీటరు చెప్పదు. కొన్ని మిషన్లలో రుచి కోసం ఆర్వో నీళ్లలో కొంత బోరు నీళ్లే కలిపే ఏర్పాటు ఉంటుంది. ఫ్లోరైడ్ ఊరిలో అది వద్దని మెకానిక్‌కు ముందే చెప్పాలి. మెంబ్రేన్ పాతబడితే నీళ్లు తియ్యగానే ఉంటాయి గానీ ఫ్లోరైడ్ దాటుకుని వచ్చేస్తుంది. కాబట్టి ఆరు నెలలకోసారి ఆర్వో నుంచి వచ్చిన నీళ్లనే పరీక్షకు పంపాలి. ఒక లీటరు మంచి నీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. ఆ పోయే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువగా ఉంటుంది. గిన్నెలకు, గచ్చుకు వాడుకోండి. గేదెలకు మాత్రం పెట్టొద్దు, పశువులకూ ఫ్లోరోసిస్ వస్తుంది.

ఆర్వో కాల్షియాన్ని కూడా తీసేస్తుంది. ఫ్లోరైడ్ ఊళ్లలో కాల్షియం ఎంత తింటే అంత మంచిది కాబట్టి పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, మునగాకు ఇంట్లో ఆడేలా చూసుకోవాలి.

క్యాన్ల విషయానికొస్తే, అద్దె ఇల్లయినా, కరెంటు సరిగా లేకపోయినా, ఇద్దరే ఉన్న ఇల్లయినా క్యానే నయం. ప్లాంటు ఎవరిదైనా సరే, "ఫ్లోరైడ్ రిపోర్టు ఉందా?" అని ఒక్కమాట అడగండి. లేదంటే ఆ క్యాన్లోంచి ఒక బాటిల్ పట్టి మీరే పరీక్ష చేయించండి. నల్లగా పాచిపట్టిన క్యాన్ అయితే ఫ్లోరైడ్ సంగతి తర్వాత, ముందు విరేచనాలు పట్టుకుంటాయి.

కుళాయి నీళ్లు కృష్ణవో పెన్నావో అయితే ఎవరేమన్నా వాటినే ఎంచుకుంటాను. ఒంగోలు, దర్శి వైపు సాగర్ కాలువ నీళ్లు సమ్మర్ స్టోరేజీ ట్యాంకుల్లో నింపి శుద్ధి చేసి ఇస్తారు. నెల్లూరు టౌనుకు పెన్నా ఉంది. పశ్చిమాన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం తరాలుగా ఎదురుచూస్తున్నది సాగుకే కాదు, తాగడానికి కూడా. నది నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువ, కాల్షియం ఉంటుంది, ఖర్చు లేదు. ఒకటే మెలిక, ట్యాంకు అడుగంటినప్పుడు బోరు నీళ్లు కలిసే అవకాశం ఉంది. కాబట్టి పరీక్ష మే నెలలో చేయించండి.

వాన నీళ్లను మనవాళ్లు ఎందుకో చిన్నచూపు చూస్తారు. నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలే ముఖ్యం. డాబా, మూతున్న సంపు ఉన్న ఇంటికి ఆ మూడు నెలల వాన, నలుగురు తాగడానికీ వండుకోవడానికీ చాలా నెలలు వస్తుంది. మొదటి వానలు వదిలేసి, ఇసుక-కంకర వడపోత పెట్టి, తాగేముందు కాచుకుంటే చాలు. పశ్చిమ ప్రకాశంలో వాన తక్కువ కాబట్టి ఏడాదంతా దీని మీదే ఆధారపడలేం.

ఇప్పుడు వంట సంగతి. స్టాండు మీద పడుకోబెట్టిన క్యాన్ నుంచి గ్లాసుతో తాగి, అన్నం, పప్పు మాత్రం బోరు నీళ్లతో వండే ఇళ్లు లెక్కలేనన్ని. లెక్క వేద్దాం. బోరులో లీటరుకు 3, క్యాన్లో 0.3 అనుకుందాం. ఒక మనిషి 3 లీటర్లు తాగి, అన్నం, చారు, టీల రూపంలో ఇంకో లీటరు తీసుకుంటాడనుకుందాం. అన్నీ బోరువే అయితే రోజుకు 12 మి.గ్రా. తాగేవి క్యాన్, వండేవి బోరు అయితే 0.9 కి 3 కలిపి 3.9. రెండూ క్యాన్ నీళ్లే అయితే 1.2. పైన చెప్పిన 3 మి.గ్రా. హద్దు గుర్తుంటే, సగం మార్పు హద్దు లోపలికి కూడా తేవడం లేదని తెలుస్తుంది. బియ్యం కడగడానికి బోరు నీళ్లు ఫరవాలేదు. ఎసరు మాత్రం మంచి నీళ్లతోనే పెట్టండి.

ఉప్పు: ఇక్కడ ఎంపిక చిన్నది

అయోడైజ్డ్ ప్యాకెట్ ఉప్పులో మన ఇంటికొచ్చేసరికి కిలోకు కనీసం 15 మి.గ్రా. అయోడిన్ ఉండాలి. అంటే గ్రాముకు 15 మైక్రోగ్రాములు. రోజుకు 8 గ్రాముల ఉప్పు తినే ఇంట్లో 120 దాకా వస్తుంది, వంటలో కొంత పోతుంది, మిగతాది పాలు, గుడ్లు, సముద్రపు చేప భర్తీ చేస్తాయి. అంటే ఇందులో అయోడిన్ అవసరానికి సరిపడా ఉందే తప్ప, భయపడేంత లేదు. నవ్వుతున్న సూర్యుడి బొమ్మ ఉన్న ప్యాకెట్ తీసుకుని, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టి, కూర దించే ముందు వేస్తే వృథా తక్కువ.

కల్లుప్పు మీద ఒక నమ్మకం ఉంది: సముద్రం నుంచి వచ్చింది కాబట్టి దాంట్లో అయోడిన్ ఉంటుందని. ఇసకపల్లి, కృష్ణపట్నం వైపు మళ్లలో పండే ఉప్పు మనకు దగ్గరిదే, మంచిదే, కానీ విడిగా కలిపితే తప్ప దాంట్లో అయోడిన్ నామమాత్రం. సముద్రంలోని అయోడిన్ చేపలో చేరినంతగా ఉప్పులో మిగలదు. మనుషులు తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మకూడదనే నిబంధన 2006 నుంచి ఉంది. రుచికో అలవాటుకో పలుకులే కావాలంటే అయోడిన్ కలిపిన పలుకుల ఉప్పు ప్యాకెట్లలో దొరుకుతుంది, అది తెచ్చుకోండి. ఆవకాయకు మాత్రం కల్లుప్పే వేస్తానంటే వేసుకోండి, రోజువారీ వంట డబ్బాలో అయోడిన్ ఉప్పు ఉంటే చాలు.

సైంధవ లవణం, పింక్ సాల్ట్: ఉపవాసం రోజున ఇబ్బంది లేదు. రోజూ వంటకు వాడితే అయోడిన్ పోయినట్టే. నల్ల ఉప్పు విషయంలో ఇంకో అడుగు వెనక్కి వేయాలి. దాంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండొచ్చు కాబట్టి ఫ్లోరోసిస్ ఊళ్లలో మానమని జాతీయ కార్యక్రమం మార్గదర్శకాలే చెబుతాయి. మజ్జిగలో, నిమ్మసోడాలో చిటికెడు చిటికెడు పడేది అదే.

తక్కువ సోడియం ఉప్పు బీపీ వాళ్లకని అమ్ముతారు. దాంట్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీ దెబ్బతిన్న వాళ్లకు పొటాషియం ప్రాణం మీదికి తెస్తుంది. మన పశ్చిమ మండలాల్లో కిడ్నీ రోగులు ఎంతమందో మీకే తెలుసు, డాక్టర్ని అడక్కుండా ఆ ప్యాకెట్ తీసుకోవద్దు.

ఎవరి ఇంటికి ఏది

గర్భిణి ఉన్న ఇల్లు: డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే ఇక్కడ పెట్టండి. తాగడానికి, వంటకు రెంటికీ తక్కువ ఫ్లోరైడ్ నీళ్లు, అయోడిన్ ఉప్పు, మొదటి నెలల్లోనే టీఎస్‌హెచ్ పరీక్ష. పుట్టబోయే బిడ్డ మెదడు మొదటి నెలల్లో తల్లి థైరాయిడ్ హార్మోను మీదే ఎదుగుతుంది. లీటరుకు 1.5 మి.గ్రా. దాటిన ఫ్లోరైడ్‌కూ పిల్లల్లో తక్కువ ఐక్యూకూ సంబంధం ఉందని, దాని మీద తమకు ఒక మోస్తరు నమ్మకం ఉందని 2024లో అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం తేల్చింది.

పసిబిడ్డ ఉంటే: తల్లి బోరు నీళ్లు తాగినా తల్లిపాలలోకి ఫ్లోరైడ్ చాలా తక్కువే వస్తుంది. డబ్బా పాలు బోరు నీళ్లతో కలిపితే బిడ్డ బరువుకు అది చాలా ఎక్కువ. డబ్బా పాలు తప్పకపోతే ఆ నీళ్లు మాత్రం పరీక్ష చేసినవే కావాలి.

ఎనిమిదేళ్ల లోపు పిల్లలు: పళ్లకు గార పడేది ఆ వయసులో తాగిన నీళ్ల వల్లే, తర్వాత మార్చినా అది పోదు. 15 కిలోల పిల్లవాడు లీటరుకు 2 మి.గ్రా. ఉన్న నీళ్లు ఒక్క లీటరు తాగితే కిలోకు 0.13 అవుతుంది. బడి నీళ్లు ఎక్కడివో కనుక్కుని, అనుమానంగా ఉంటే ఇంటి బాటిల్ పంపండి. పేస్టు బియ్యపు గింజంతే, మింగకుండా ఉమ్మేలా పక్కనే ఉండి చూడాలి.

పొలం పనికి పోయేవాళ్లు: ఎండాకాలం ఐదారు లీటర్లు తాగుతారు, అదీ చేలో మోటారు దగ్గర. ఇంట్లో ఆర్వో పెట్టినా వీళ్లకు అందేది కొంచెమే. ఐదు లీటర్ల క్యాన్ వెంట పెట్టుకుని పోవడమే మార్గం.

హైపోథైరాయిడ్ టాబ్లెట్ వేసుకునేవాళ్లు: అయోడిన్ ఉప్పు ఆపాల్సిన పని లేదు. అలాగని సముద్రపు నాచు మాత్రలు, అయోడిన్ చుక్కలు కూడా వద్దు, అతి అయోడిన్ హషిమోటో వాళ్లకు చేటు. అయోడిన్ ఉప్పు తగ్గించే సందర్భం ఉన్నది థైరాయిడ్ జోరుగా ఉన్న కొందరికి, రేడియో అయోడిన్ చికిత్సకు ముందు వారం రెండు వారాలు. అది డాక్టరు చెప్పాలి.

చిన్న చిన్నవి

టీ ఆకులో సహజంగానే ఫ్లోరైడ్ ఉంటుంది. బోరు నీళ్లతో కాచి రోజుకు ఐదారు కప్పులు తాగే అలవాటుంటే రెండుకు తగ్గించండి, పాలు కలిపితే ఇంకా నయం. సజ్జల్లో థైరాయిడ్‌ను అడ్డుకునే పదార్థాలు కొన్ని ఉన్న మాట నిజమే. అయోడిన్ అందుతున్నంత వరకు వారానికి రెండు మూడు సార్లు సజ్జ సంగటి తింటే ఏమీ కాదు, మూడు పూటలా అదే అయితే తప్ప.

చింతపండు మాత్రం మన పక్షానే ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 10 గ్రాముల చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. వంజరంతో పెట్టిన నెల్లూరు చేపల పులుసులో అయోడిన్, చింతపండు రెండూ ఉన్నాయని సంతోషించొచ్చు. చెరువు చేపలో మాత్రం అంత అయోడిన్ ఉండదు. అయితే పులుసు తింటున్నాం కదా అని బోరు నీళ్లతో సరిపెట్టుకోవద్దు.

మాత్ర, పరీక్ష

థైరాయిడ్ మాత్ర పరగడుపున, మంచి నీళ్లతో వేసుకుని అరగంట నుంచి గంట తర్వాతే టీ, టిఫిన్. ఫ్లోరైడ్ ఊళ్లలో నడుము నొప్పులకు కాల్షియం, గర్భిణులకు ఐరన్ రాస్తారు. అవి థైరాయిడ్ మాత్రను ఒంటికి పట్టనివ్వవు కాబట్టి నాలుగు గంటల ఎడం ఉండాలి. మాత్ర పొద్దున, కాల్షియం రాత్రి అన్నం తర్వాత అంటే గుర్తుంటుంది. నీళ్లు మార్చాం కదా అని సొంతంగా డోసు తగ్గించుకోవద్దు. డోసు మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూసి డాక్టరే చెప్తారు.

నీళ్ల పరీక్షకు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో అడగండి. శుభ్రమైన ప్లాస్టిక్ బాటిల్‌ను అదే నీళ్లతో రెండు మూడు సార్లు తొలిచి, నిండా పట్టి, మూత బిగించి, ఏ బోరుదో, ఏ తేదీనో రాసి అంటించండి. బోరుది ఒకటి, ఆర్వోదో క్యాన్‌దో ఒకటి, రెండూ ఒకేసారి ఇవ్వండి. రిపోర్టులో టీడీఎస్, గట్టిదనం అన్నీ ఉంటాయి. మీరు వెతకాల్సింది ఫ్లోరైడ్ వరుసలోని అంకె. ఒకటి లోపుంటే మిషను కొనక్కర్లేదు, ఆ డబ్బు మిగిలినట్టే. ఒకటి నుంచి ఒకటిన్నర మధ్య ఉంటే గర్భిణికి, పిల్లలకు మాత్రం నీళ్లు మార్చి, ఎండాకాలంలో మళ్లీ పరీక్ష చేయించండి. ఒకటిన్నర దాటితే ఇంట్లో అందరికీ, వంటతో సహా మార్చాలి.